రాజు పేరు, రాతి తీరు

సాంచి మహాస్తూపపు దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పులకు పెద్దయైన ఆనందుని దానశాసనం ఉంది. కళాచరిత్ర గ్రంథాలు ఈ తోరణాలనూ అమరావతి శిల్పఫలకాలనూ ‘శాతవాహన కళ’ అన్న ఒకే పేరు కింద చేర్చడం తరచుగా కనిపిస్తుంది. కాలనిర్ణయానికి ఈ పద్ధతి కొంత ఉపకరిస్తుంది. కట్టడాన్ని అర్థం చేసుకోవడానికి మాత్రం చాలదు.

సాంచిలో అశోకుని కాలపు ఇటుక స్తూపాన్ని తరువాతివారు ఇసుకరాతితో కప్పి పెంచారు. ప్రాకార స్తంభాలకు గాడులు తొలిచి అడ్డరాళ్లను అమర్చిన తీరు వడ్రంగి పనిని తలపిస్తుంది. కథాశిల్పమంతా దాదాపు తోరణాల మీదనే ఉంది, ప్రాకారం నిరాడంబరం. యాత్రికుడు కథను ద్వారం వద్ద చూసి, శిల్పం లేని దారిలో ప్రదక్షిణ చేస్తాడు.

కృష్ణా లోయలో పద్ధతి వేరు. నాగార్జునకొండ మహాచైత్యం సుమారు 32 మీటర్ల వ్యాసం గల ఇటుక కట్టడం. లోపల గోడలు చక్రపు ఆకుల వలె సాగుతాయి. వాటి నడుమ మట్టి నింపారు. ఇటువంటి ఇటుక దేహానికి పలనాటి సున్నపురాతి పలకలు తొడుగు అయ్యాయి. సాంచి తరహా శిలాతోరణాలు ఇక్కడ లేవు. నాలుగు దిక్కులా ఆయక అరుగులు, ఒక్కొక్కదానిపై ఐదేసి స్తంభాలు ఉంటాయి. అమరావతిలో కథాశిల్పం ప్రాకారం మీదికీ మేధి పలకల మీదికీ వచ్చింది. కనుక అక్కడ కథ ప్రదక్షిణతో పాటు నడుస్తుంది.

అయితే రాయే సర్వం నిర్ణయించిందనడమూ సరికాదు. ఆయక స్తంభాలు ఏ బరువునూ మోయవు; బుద్ధుని జీవితంలోని ఐదు ఘట్టాలకు అవి సంకేతాలని పండితుల వివరణ. నిర్మాణ సంప్రదాయమంటే పదార్థం, పనితనం, ఆరాధన మూడూ కలిసినది.

ఈ భేదాన్ని విస్మరిస్తే నష్టం గ్రంథాలతో ఆగదు. కృష్ణా లోయ స్తూపాన్ని పునర్నిర్మించేటప్పుడు బౌద్ధచిహ్నమన్న భావనతో సాంచి తోరణాన్ని నిలిపితే, ఆ నేల తానుగా రూపొందించుకున్న ప్రవేశక్రమం చెరిగిపోతుంది. సంగ్రహాలయపు గోడకు వరుసగా నిలిపిన ఫలకం కూడా ప్రదక్షిణ పథాన్ని కోల్పోతుంది. పరిహారం కష్టమైనది కాదు. ఫలకం పక్కన రాజవంశం పేరుతో పాటు, అది మేధికి చెందినదా, అండానికి చెందినదా, ప్రాకారపు లోపలి ముఖమా అన్నది రాయాలి. చిన్న పటంలో దాని స్థానం గుర్తించాలి. అప్పుడు చూపరికి శిల్పంతో పాటు స్తూపమూ కనబడుతుంది.