అరచెయ్యి తిప్పి చూసే వైద్యం

డెర్మటోమయోసైటిస్ అరుదైన జబ్బు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కండరాల మీదా చర్మం మీదా తిరగబడుతుంది. 1975లో బోహన్, పీటర్ అనే వైద్యులు దీన్ని గుర్తించడానికి ఐదు ఆనవాళ్లు చెప్పారు. వాటిలో నాలుగు కండరాలవే. మరి కండరాల్లో నీరసమే లేకుండా, చర్మం మీద మచ్చలు మాత్రం వచ్చి, కొన్ని వారాల్లోనే ఊపిరితిత్తులు పాడయ్యేవాళ్ల సంగతేమిటి?

ఈ చిక్కుముడిని విప్పింది టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో పనిచేసిన షింజి సాతో బృందం. వాళ్లు కణాల్లోని ప్రోటీన్లకు రేడియోధార్మిక గుర్తు వేసి, వాటిలో రోగుల సీరం కలిపారు. సీరంలోని యాంటీబాడీ తనకు సరిపడే ప్రోటీన్‌నే పట్టుకుని బయటికి లాగుతుంది. దాన్ని జెల్‌లో వేరుచేసి ఫిల్ముకెక్కిస్తే 140 కిలోడాల్టన్ల దగ్గర ఒక చార కనిపించింది. చార దొరికిందని అక్కడితో ఆగకపోవడమే వాళ్ల పనితనం. అది ఎవరెవరిలో ఉందో వెతికి, రోగుల వివరాలతో సరిచూశారు. ఎనిమిది మందిలో ఉంది. ఎనిమిది మందీ కండరాల నీరసం లేని డెర్మటోమయోసైటిస్ రోగులే. ఈ ఫలితం 2005లో అచ్చయింది. ఆ ప్రోటీన్, వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే ఎండీఏ5 అని 2009లో తేల్చారు.

ఇప్పుడు అనుభవమున్న రుమటాలజిస్టు పరీక్ష చేసే తీరు చూడండి. వేళ్ల కణుపుల మీద బొడిపెలు, కనురెప్పల మీద ఊదారంగు చూస్తారు. చామనచాయ ఒంటి మీద ఎరుపు తేలదు, ముదురు ఊదాగానో నలుపుగానో కనిపిస్తుందని వాళ్లకు తెలుసు. తర్వాత చెయ్యి తిప్పి, అరచేతి మడతల్లో నొప్పిపెట్టే బొడిపెలు, పుళ్లు ఉన్నాయేమో వెతుకుతారు. అవి ఎండీఏ5 యాంటీబాడీ వైపు వేలెత్తి చూపుతాయి. వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెట్టి, వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు చిటపటలు వినిపిస్తే వెంటనే సీటీ స్కాన్ రాస్తారు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైమ్ మామూలుగా ఉందని జబ్బు లేదనుకోరు. యాంటీబాడీ పరీక్ష అంతంతమాత్రంగా పాజిటివ్ వస్తే, అదొక్కటే చూసి జబ్బు ఉందనీ అనరు.

ఈ తొందరకు ఫలితం ఉంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఎండీఏ5 రోగులకు స్టెరాయిడ్, టాక్రోలిమస్, సైక్లోఫాస్ఫమైడ్ మొదటి నుంచే కలిపి ఇచ్చి, ఆ ఫలితాలను జపాన్ వైద్యులు 2020లో ప్రకటించారు. ఆరు నెలలకు 89 శాతం మంది బతికి ఉన్నారు. అంతకుముందు మందులు ఒకదాని తర్వాత ఒకటి చేర్చినప్పుడు బతికింది 33 శాతమే.