స్మృతియు, పద్యగానవిమర్శయు

గానమును విమర్శించువారు రాగమును, తాళమును, సాహిత్యమును పరిశీలింతురు. వినువాని స్మృతిని పరిశీలించుట అరుదు. జనప్రియగానవిషయమున తీర్పు చెప్పునది పెక్కుసారులు ఆ స్మృతియే. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల తిరునాళ్లలో వినవచ్చు రంగస్థలపద్యమే దీనికి నిదర్శనము.

హరిశ్చంద్రనాటకమున కాటిసీను అన్నంతనే స్ఫురించు పద్యములలో కొన్ని నాటకకర్తవి కావు. నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881–1953) కృతి; ఆ పద్యములు మార్కాపురమునకు పొరుగుసీమయైన వినుకొండలో జన్మించిన గుఱ్ఱము జాషువ (1895–1971) ఖండకావ్యములోనివి. నటులు వానిని శ్మశానఘట్టమున చేర్చి పాడిరి. ప్రేక్షకుల స్మృతి ఆ యతుకును మాపివేసినది. నేడు మూలము ననుసరించి వానిని విడిచి ప్రదర్శించినచో, నాటకమే కొరతవడినట్లు తోచును. ఇచట ప్రమాణము గ్రంథము కాదు, అలవాటు.

ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) చలనచిత్రములందు దీర్ఘాలాపమును తగ్గించి, పదస్పష్టతకును భావమునకును ప్రాధాన్య మొసగెను. రాత్రియెల్ల నాటకము విన్న చెవికి అది లోపము. 1963లో వెలువడిన లవకుశ, నర్తనశాలలతో పెరిగిన చెవికి అదియే ప్రమాణము. పిమ్మట ఈ రెండవతరమువారును తమ తరువాతి గాయకులను గూర్చి తొల్లింటి యాక్షేపణనే చేయసాగిరి. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అను అమెరికా పండితులు, శ్రోతలు తమకు సుమారు 24 ఏండ్లున్నప్పుడు వ్యాప్తినందిన పాటలనే మిక్కిలి మెచ్చుదురని ప్రకటించిరి. అదిగాక, కాలము పేలవమైన పాటలను మరపించును. అందుచే నాటి మేలిపాటలతో నేటి పాటలన్నిటిని తూచుట సంభవించుచున్నది. ఇందువలన నష్టపడువాడు నేటి యువనటుడు. తా నెన్నడు విననట్టియు, ఇతరులకు వినిపింప వలనుగానట్టియు కంఠములతో వానిని పోల్చుచున్నారు.

అయినను పెద్దల స్మృతిని త్రోసిపుచ్చరాదు. 78 భ్రమణముల గ్రామఫోను రికార్డు ఒక ప్రక్కను సుమారు మూడు నిమిషముల గానమునే పట్టగలిగినది. రంగముపై సాగిన ఆలాపమును, వన్సుమోరులకు పాడిన తీరును అందు ఇముడలేదు. వానికి సాక్షులు ఆ విన్నవారే.

కావున ఏ పద్యమును ఏ రాగమున పాడిరి, పాదము నెచట విరిచిరి, యతిస్థానమున నిలిచిరా లేదా యని పాఠశాలల పండితులు తమ గ్రామవృద్ధుల నడిగి వ్రాసియుంచుట యావశ్యకము. ఆ వివరము విమర్శకు ఆధారమగును. "ఆనాటి పాటయే పాట" యను మాట మాత్రము చెప్పువాని యౌవనమును గూర్చియే తెలుపును.