గాజు పాకం

కిటికీలో రెండు శిఖరాలు కనబడతాయి. ఒకటి అలంపురం ఎర్రరాతి మీద గట్టిగా నిలబడ్డది. ఇంకొకటి దాని పక్కనే లేత పసుపు నీడలా తేలుతున్నది. నీ నడుముకున్న ఉంగరం మీద వేలు పెట్టి తిప్పుతాను. నీడ శిఖరం నిజం శిఖరం వైపు జరుగుతుంది, ఒరుసుకుంటుంది, ఒదుగుతుంది. రెండూ ఒకటైన చోట వేలు దానంతటదే ఆగిపోతుంది. ఊరికి కొంచెం అవతల కృష్ణా తుంగభద్రలు కూడా ఇదే పని మీద ఉన్నాయి. ఆ రెండు నీళ్ల మధ్యన ఉన్నందుకే మా గడ్డ నడిగడ్డ అయింది. రేంజ్‌ఫైండరు తిప్పడం మాకు ఎవరూ నేర్పనక్కరలేదేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

గుప్పెట్లో ఇమిడే గాజు కనుపాపా, నీకు దండం.

అద్దం ఎగిరిపడే కెమెరాలో మన కన్ను లెన్సు లోపలికే దిగుతుంది. ఏది మసకబారిందో ఏది తేటపడిందో మీట నొక్కకముందే తెలుస్తుంది. నీ దగ్గర ఆ సుఖం లేదు. నిన్ను కెమెరా ముఖాన తగిలించి, నీ నెత్తి మీదున్న కిటికీలోంచి చూస్తాం. ఆ కిటికీలో అంతా తేటే: దగ్గరి బర్రె, దూరపు గుట్ట, నడుమ నడిచొచ్చే మనిషి. వాళ్లలో ఎవర్ని పట్టుకున్నావో, ఎవర్ని పొగమంచులోకి వదిలేశావో రీలు కడిగినాక గాని బయటపడదు. విత్తనం వేసి మొగులు వైపు చూసే మెట్ట రైతుకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. నాకు అర్థమయింది మాత్రం జమ్మిచేడు జమ్ములమ్మ జాతరలో. ముప్పై ఆరు బొమ్మలు తీశాను; జనం, బండ్లు, గుడి ముందరి దుమ్ములో దిగిన పొద్దు. కిటికీలో అన్నీ దివ్యంగా ఉన్నాయి. ఇంటికొచ్చి చూసుకుంటే నీ మూత నీ ముఖానే ఉంది. రీలంతా అమావాస్య.

నీ వంశం చిన్నదేమీ కాదు. 1925లో జర్మనీలోని వెట్స్‌లార్ పట్నం నుంచి, ఆస్కార్ బార్నాక్ ఊహించిన లైకా బజారుకెక్కినప్పుడు దాని కన్ను మాక్స్ బెరెక్ లెక్కగట్టినది. కొద్దికాలానికే ఆ లెన్సును నాలుగు గాజులకు కుదించి ఎల్మార్ అన్నారు. 1932లో ఉంగరానికీ నీడ బొమ్మకూ ముడి పడింది. అదే ఏడు జైస్ వాళ్ల కాంటాక్స్ వచ్చింది, దానికి లుడ్విగ్ బెర్టెలె గీసిన సోనార్ వచ్చింది. తర్వాత యుద్ధం. ఓడినవాళ్ల నక్షాలు గెలిచినవాళ్ల ఇంటికి పోయాయి, సోనార్ రష్యాలో జూపిటర్ అని పేరు మార్చుకుని కొత్త కాపురం పెట్టింది. అట్లా వచ్చిన జూపిటర్-8 ఒకటి ఎన్ని చేతులు మారిందో ఏమో, కోఠి గుజరాతీ గల్లీలో నా జేబు ఖాళీ చేసి గద్వాల బస్సెక్కింది.

గద్వాలను విద్వద్గద్వాల అనేవారు. సంస్థానానికి కవి వస్తే పద్యం వినిపించాలి, కొలువు పాకం తేల్చాలి. తిరుపతి వెంకట కవులు గద్వాలకూ వనపర్తికీ వచ్చి మెప్పించి పోయారు. సంస్థానాలు పోయినా పరీక్ష పెట్టే బుద్ధి ఈ నేలను వదల్లేదు. ఇప్పుడు మేం ముగ్గురం లెన్సులకు పెడుతున్నాం: గద్వాల నుంచి నేను, వనపర్తి రాజమహలులో నడిచే పాలిటెక్నిక్‌లో చదువుకున్న ఒక అన్న, నాగర్‌కర్నూల్ దగ్గర బడిపంతులు చేసే ఒక సారు. నెలకో ఆదివారం ఒకచోట చేరతాం. ఒకే మనిషిని, ఒకే దూరంలో, ఒకే పొద్దులో మూడు లెన్సులతో తీసి, కడిగించి, బల్ల మీద పరిచి కొట్లాడతాం. గీతలు లెక్కబెట్టే పట్టికలతో మాకు పని లేదు. మాది పాకం పంచాయితీ.

సోనార్‌ది, దాని కడుపున పుట్టిన జూపిటర్‌ది ద్రాక్షాపాకం. నోట్లో వేసుకోగానే రసం. ఎపర్చరు పూర్తిగా తెరిచినా ముఖం తేలుతుంది, వెనకాల వేపచెట్టు కరిగి పచ్చని పులుసైపోతుంది. ఆ కరగడాన్నే లోకమంతా జపాను మాటతో బొకే అంటున్నది. మనవాళ్ల చెవికి అది పూలగుత్తిలా వినబడుతుంది, తప్పేమీ లేదు.

వనపర్తి అన్న దగ్గరున్నది 1953 నాటి లైకా కుదురు, సమ్మిక్రాన్. కదళీపాకం. తొక్క తీసే ఓపికుండాలి. ఒకట్రెండు మెట్లు ఎపర్చరు దించి, వెలుగు పక్కనుంచి పడేట్టు నిలబెడితే అప్పుడు తియ్యన, అదీ అతి చేయని తియ్యన. సారు దగ్గరి సమ్మార్ అన్నిటికన్నా పెద్దది, 1933లో మొదలైన లైకా రకం. ముందరి గాజు మెత్తన. ఎన్ని అంగీ కొంగులు దాన్ని తుడిచాయో, వెలుగుకు పట్టి చూస్తే సన్నటి గీతల సాలెగూడు. ఎదురెండలో తీస్తే బొమ్మంతా పాలు విరిగినట్టుంటుంది. నీడలో నిలబడి, చేత్తో గొడుగు పట్టి, వేళ చూసి కొట్టాలి. పగిలితే మాత్రం లోపల నీళ్లు తియ్యన. నారికేళమే.

కొత్త లెన్సుల మాట వస్తే మా సారు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: “అది పద్యం కాదన్నా, తాసిల్దారు రిపోర్టు.” అన్నీ ఉంటాయి, తప్పు ఒక్కటీ ఉండదు. నాకు ఆ రిపోర్టుల మీద అంత కోపం లేదు. పెళ్లికి పిలిస్తే నేనూ వాటినే పట్టుకుపోతాను.

అయినా పాకం ఎక్కడ తేలుతుందో చెప్పాలంటే మగ్గం దగ్గరికే రావాలి. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. రెండు జాతుల పోగులు ఒకదాన్నొకటి కొక్కెం వేసుకుని కలిసే చోటును కుప్పడం అంటారు. ఒక మధ్యాహ్నం గుంటమగ్గం పక్క కిటికీ వెలుగులో ఆ కలిసే చోటును మూడు లెన్సులతో తీశాం. సమ్మిక్రాన్ బొమ్మలో పోగులు లెక్కబెట్టుకోవచ్చు; నూలు నూలే, పట్టు పట్టే, జరీ మీద వెలుగు సూదిమొన. జూపిటర్‌లో నూలు ఆవిరిలా లేచింది, పట్టు లోపల దీపం పెట్టినట్టు వెలిగింది, అతుకు మాయమైంది. సమ్మార్ చీరను వదిలేసి, కిటికీ ఊచల నుంచి దిగిన వెలుగునే నేసుకొచ్చింది. బొమ్మలు కడిగించి తెస్తే, నేసిన అవ్వ మూడూ తడిమి చూసింది. సమ్మిక్రాన్ బొమ్మను మా వైపు తోసి, “ఇది కొనేటోళ్లకు సూపియ్యి బిడ్డా” అన్నది. జూపిటర్‌ది కొంగున కట్టుకున్నది. మూడోదాన్ని చాలాసేపు చూసి, “పొద్దుందాక నాకు కండ్లకు అవుపడేది గిదే” అన్నది. మేం ముగ్గురం ఆ పూట కొట్లాడలేదు.

ఈ పరీక్షల్లో మేం ఆలస్యంగా పసిగట్టింది ఒకటుంది. లెన్సు గుణం సగమే గాజుది. మిగతా సగం ఎండది. పాలమూరు చైత్రం మిట్టమధ్యాహ్నం తెల్ల ధోవతి నిప్పులా మండుతుంది, తలపాగా కింద ముఖం బొగ్గవుతుంది. కొత్త లెన్సు ఆ రెండింటినీ ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది: ధోవతి కాలిపోతుంది, ముఖం మునిగిపోతుంది. సమ్మార్ లాంటి పాత గాజుకు పూత ఉండదు. 1935లో జైస్‌లో స్మకులా లెన్సు మీద పలచటి పూత వేసే ఉపాయం కనిపెట్టేదాకా ప్రతి గాజు తలమూ కాస్త వెలుగును వెనక్కి విసిరేది. ఆ విసిరిన వెలుగు లోపల్లోపలే తిరిగి, చివరికి బొమ్మలోని నీడల మీద బూడిదలా రాలుతుంది. పుస్తకాలు దాన్ని లోపం అంటాయి. మబ్బు ముసురుకునే జర్మనీలో అది లోపమే అయ్యుంటుంది. ఇక్కడ తలపాగా కింది ముఖంలో రెండు కళ్లు మిగిలింది ఆ రాలిన వెలుగు వల్లనే.

శ్రీరంగాపురంలో ఇంకో రకం. రంగసముద్రం నీళ్ల అవతల రంగనాయకుల గుడి గోపురం, దాని వెనక దిగే పొద్దు. సమ్మార్‌కు అంతటి పొద్దు చూపించడమే పాపం. గోపురం నీళ్లలో ఒకసారి, గాలిలో ఒకసారి కరిగింది. వనపర్తి అన్న నవ్వాడు. సారు మాత్రం ఆ బొమ్మకు చట్రం కట్టించుకున్నాడు. మోజు అంటే అంతే, దానికి వాదన చాలదు.

అచ్చంపేట దాటి నల్లమల ఎక్కితే వెలుగు పొదుపు మొదలవుతుంది. మల్లెలతీర్థం మెట్లు దిగేకొద్దీ పగలే మునిమాపు. అక్కడ రెండో నంబరు ఎపర్చరు ఉన్నవాడే మొనగాడు. పైగా అద్దం టపటపలాడదు. మీట నొక్కితే ఎండుటాకు విరిగినంత చప్పుడు. 1940లో మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ అమ్రాబాద్ పీఠభూమి మీదే చెంచుల మధ్య బతికాడు, 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆయన బొమ్మలు ఇప్పుడు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని చూసిన రోజు నేను లెన్సు ఏమిటని అడగడం మరచిపోయాను. నువ్వు మీటరు లోపలికి ఎవర్నీ రానియ్యవు, దగ్గరికి పోతే నీ రెండు బొమ్మలూ కలవనే కలవవు. ఆ మీటరు ఎడం, చెంచు పెంటలో ఒక ముసలాయన ముందు కూర్చున్నప్పుడు, నీ మర్యాదలా కనిపించింది నాకు.

నీకు జబ్బులూ ఉన్నాయి. వానాకాలం బీరువాలో పెడితే ఫంగస్ పడుతుంది, పల్చటి వేర్ల లాగా పాకుతుంది. నా జూపిటర్‌కు ఇంకో తిప్పలు: కాంటాక్స్ కొలతలకు పుట్టిన నక్షా లైకా కొలతల కెమెరా మీదికి వచ్చింది గదా, దగ్గరి మనిషి మీద చూపు నిలవదు. కంటికి గురిపెడితే చెవి తేటపడేది. చివరికి ఊళ్లో గడియారాలు బాగుచేసే చాచా వెంట్రుకమందం ఇత్తడి రేకు కత్తిరించి లోపల పేర్చాడు. డబ్బులు తీసుకోలేదు. బదులుగా తన కొట్టు ముందర కూర్చుని, గడ్డం దువ్వుకుని, ఒక బొమ్మ దిగాడు. కంటి కొనన ముడతలు తేటగా వచ్చాయి.

పోయిన నెల సోమశిలలో చేరాం. కృష్ణ అక్కడ వెడల్పుగా, తొందర లేకుండా ఉంటుంది. పడవ రేవు మీద లెన్సులు మార్చుకున్నాం: నా జూపిటర్ సారుకు, సారు సమ్మార్ అన్నకు, అన్న సమ్మిక్రాన్ నాకు. పరాయివాడి లెన్సు చేతికి వస్తే ఉంగరం వేరే దిక్కుకు బరువనిపిస్తుంది, కొత్త ఊళ్లో చేద బావి తోడినట్టు. అవతలి ఒడ్డు నుంచి పడవ వస్తున్నది. ముందు కొసన ఒకామె ఎర్రంచు చీరలో నిలబడి, పొద్దుకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపే చూస్తున్నది. కిటికీలో ఇద్దరామెలు. ఉంగరం తిప్పాను. ఇద్దరూ దగ్గరికి వచ్చారు, ఇంకా దగ్గరికి వచ్చారు, ఒకరయ్యారు.

వెనక నుంచి సారు గొంతు: “అన్నా, మూత తీసినవా?”