లెక్క రాసేవాళ్లకు అడిగే హక్కు

"ఎంట్రీ పనే కదా, బుర్ర పెట్టే పని అమెరికాలోనే ఉంటుంది." హైదరాబాద్‌కు వస్తున్న అకౌంటింగ్ పని గురించి ఈ వారం మళ్లీ ఈ మాట విన్నాను, మళ్లీ ఒళ్లు మండింది. బీకాం చదివిన మన పిల్లలు గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో కూర్చుని అమెరికా కుటుంబాల, చిన్న వ్యాపారాల ట్యాక్స్ రిటర్నులు తయారు చేస్తున్నారు. జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా వాళ్లకు ఊపిరి సలపదు. అక్కడి సంస్థలకు మనుషులు దొరకడం లేదు. రెండేళ్లలో మూడు లక్షల మందికి పైగా అకౌంటెంట్లు, ఆడిటర్లు ఉద్యోగాలు వదిలేశారని 2022 చివర్లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. సీపీఏ (అక్కడి సీఏ లాంటి అర్హత) కావాలంటే మామూలు డిగ్రీ మీద దాదాపు మరో ఏడాది చదువు ఉండాలన్న నిబంధన చాలాకాలం కొత్తవాళ్లను వెనక్కి నెట్టింది. ఇక్కడి జీతాలు అక్కడికంటే ఎంతో తక్కువ, వాళ్లు నిద్రపోయే వేళ మనకు పని వేళ. అందువల్ల పని ఇటు రావడంలో వింత లేదు, తప్పూ లేదు. అది ఏ షరతుల మీద వస్తోందన్నదే నా పట్టింపు.

దూరం పెరిగితే లెక్క చెడుతుందని నమ్మడానికి కారేపల్లి వాళ్లకు కావలసినంత కారణం ఉంది. సింగరేణి కథను ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు తెచ్చినా మళ్లీ తెస్తాను. మన మండలం పేరే అది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో ఆ గనుల హక్కు లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి పోయింది. బొగ్గు ఇక్కడి నేలలో, కంపెనీ వాటాల లెక్క లండన్‌లో. రెండేళ్లకే, 1888లో, ఆ కంపెనీ వ్యవహారం మీద బ్రిటిష్ కామన్స్ సభ ప్రత్యేక కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. నిజాం ప్రభుత్వం తరఫున షేర్లు కొన్న అధికారి అబ్దుల్ హక్. ఆయన కొన్న షేర్లు తన సొంత వాటాలోవేనని బయటపడింది. కొన్న చెయ్యీ అమ్మిన చెయ్యీ ఒకటే. ఆ వ్యవహారం లండన్‌లో నడిచింది కాబట్టే హైదరాబాద్ దర్బారు కళ్లు కప్పగలిగారని వాదించవచ్చు. నేనూ చాలాకాలం అలాగే వాదించాను.

ఆ వాదనకు సత్యం కంప్యూటర్స్ అడ్డు తగులుతుంది. 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం ప్రకారం పుస్తకాల్లో చూపిన నగదులో రూ. 5,040 కోట్లు లేనే లేవు. కంపెనీ హైదరాబాద్‌ది, ఆడిట్ చేసినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. గేటు దాటి లోపలికి వెళ్తే పుస్తకాలు చేతికందుతాయి. దూరమే దొంగ అయితే ఈ మోసం జరగకూడదు. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో సత్యం ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలకు అరవై లక్షల డాలర్ల జరిమానా వేసింది. అక్కడ ఆడిటర్లను పర్యవేక్షించే బోర్డు మరో పదిహేను లక్షలు వేసింది. ఎస్‌ఈసీ ఎత్తిచూపిన ప్రధాన లోపం చాలా మామూలుది. ఖాతాలో ఇంత డబ్బు ఉందని బ్యాంకు నుంచి ఆడిటరు తానే తెప్పించుకోవలసిన ధ్రువీకరణను కంపెనీ యాజమాన్యం చేతికి వదిలేశారు. ఎవరి లెక్క తనిఖీ చేయాలో, రుజువు వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. లండన్‌లో జరిగిందీ ఇదే, హైదరాబాద్‌లో జరిగిందీ ఇదే. అడగాల్సిన మనిషి అడగాల్సిన చోట అడగలేదు. మైళ్లను తప్పుపట్టడం ఇక మానేద్దాం.

ఇప్పుడు గచ్చిబౌలి బల్ల దగ్గరికి రండి. ఒహాయోలో అద్దెకిచ్చిన ఇంటికి సంబంధించిన స్కాన్ కాగితాల్లో ఒక బిల్లు ఉందనుకుందాం: "రూఫ్, 11,400 డాలర్లు". అంతకుమించి ఒక్క అక్షరం లేదు. కారుతున్న చోట అతుకు వేయించి ఉంటే అది మరమ్మతు, మొత్తం ఖర్చు ఈ ఏడాదే చూపుకోవచ్చు. కప్పు మొత్తం మార్పించి ఉంటే ఆ ఖర్చును సాధారణంగా ఇరవై ఏడున్నర ఏళ్ల తరుగుదలలో పంచాలి. మొదటి ఏడాది పన్నులో తేడా చిన్నది కాదు. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ కాగితం చూసి తేల్చలేదు, ఇంటాయనను అడగాలి. కానీ తయారు చేసే అమ్మాయికి క్లయింటు నంబరు ఉండదు, మెయిల్ పెట్టే అనుమతి ఉండదు. టీమ్ లీడ్‌కు రాస్తే ఆయన అక్కడి మేనేజరుకు రాయాలి. ఆ మేనేజరు చేతిలో గడువు మీద పడిన వందల ఫైళ్లు. అప్పుడు ఈ వృత్తిలో అందరికీ తెలిసిన దారి ఒకటి తెరుచుకుంటుంది: పోయినేడు ఎలా చూపారో అలాగే చూపడం. ఇక్కడ ఆ అమ్మాయి బుర్ర పెట్టలేదనడం అన్యాయం. బుర్ర పెట్టినా పనికిరాని చోట ఆమెను కూర్చోబెట్టారు.

సంతకం పెట్టే సీపీఏ పరిశీలిస్తాడు కదా అంటారు. ఆయన ముందున్నదీ అదే కాగితం. పైగా గడిలో అంకె పడ్డాక సందేహం కనిపించకుండా పోతుంది. క్లయింటు గోప్యత మాటేమిటంటారు. ఆ రక్షణ అమెరికా చట్టంలోనే ఉంది: రిటర్ను సమాచారం దేశం దాటించాలంటే ముందు క్లయింటు అనుమతి తీసుకోవాలి, సోషల్ సెక్యూరిటీ నంబరుకు అదనపు కట్టుదిట్టాలు ఉన్నాయి. కాగితాలన్నీ పంపడానికి ఒప్పుకున్న మనిషి ఒక ప్రశ్నకు జవాబివ్వడానికి ఒప్పుకోడా? ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం మాత్రం నిజం. పెరుగుతుంది. తక్కువ జీతంతో మిగిలిన దాంట్లోంచి కొంత దీనికి పెట్టాలి, ఎందుకంటే అడగని లెక్కకు లెక్కగా విలువ లేదు. కంప్యూటరే ఎంట్రీ చేసేస్తున్న ఈ రోజుల్లో అంకెలు ఎక్కించడం మాత్రమే నేర్పిన ఉద్యోగాలే ముందు పోతాయి కూడా.

ఇంకో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. మన సీఏ ఆర్టికల్‌షిప్‌లో, 2023 నుంచి దాన్ని రెండేళ్లకు తగ్గించినా, కుర్రవాళ్లు క్లయింటు గోడౌనుకు వెళ్లి సరుకు లెక్కిస్తారు, మునీముతో వాదిస్తారు. నేర్చుకునేది అక్కడే. అమెరికాలో కొత్తగా చేరినవాళ్లు కూడా వెనకటికి ఈ కింది మెట్టు పనిలోనే నేర్చుకున్నారు. ఆ మెట్టు ఇప్పుడు హైదరాబాద్‌కు వచ్చింది కానీ దాంతో వచ్చే చదువు రాలేదు. ఇరవై ఏళ్ల తర్వాత సంతకం పెట్టగల మనిషి ఇక్కడా తయారు కాడు, అక్కడా తయారు కాడు.

అందుకే కారేపల్లి నుంచి, ఇల్లందు నుంచి ఈ ఉద్యోగాలకు వెళ్తున్న పిల్లలకు నా విన్నపం. వెళ్లండి, మంచి పని. ఇంటర్వ్యూలో జీతంతో పాటు రెండు సంగతులు అడగండి: బిల్లు అర్థం కాకపోతే క్లయింటును అడిగే వీలు నాకు ఉంటుందా? ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్షకు నన్ను సిద్ధం చేస్తారా? ఆ పరీక్షలో మూడు భాగాలే, దానికి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. అది గట్టెక్కి, నమోదు కూడా పూర్తి చేసుకుంటే అమెరికా పన్ను శాఖ ముందు క్లయింటు తరఫున నిలబడే అధికారం మీకే వస్తుంది.