తొమ్మిది డ్రమ్ముల పరీక్ష

ఈ వారం నా ముందుకు ఒక నాణ్యతా ప్రణాళిక వచ్చింది. ఆర్మూర్ చుట్టుపక్కల రైతులు కొందరు కలిసి, పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టే ఉమ్మడి కేంద్రం ఒకటి పెట్టుకోవాలనుకుంటున్నారు. కాగితాలు రాసే పని మా మిత్రుడి కొడుకు మీద పడింది. "కాకా, ఒక్కసారి సూసి చెప్పు, సోమవారం బ్యాంకుల ఇయ్యాలె" అని ఫైలు చేతిలో పెట్టి వెళ్లాడు.

పిల్లవాడు కష్టపడ్డాడు, కాదనను. కానీ 'వాడబోయే విశ్లేషణ పద్ధతులు' అన్న పేజీకి వచ్చేసరికి నాకు కోపం ఆగలేదు. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ పుస్తకంలో ఉన్నవన్నీ అక్కడ వరుసగా దిగాయి. ఖర్చు–లాభాల బేరీజు, నాణ్యతకయ్యే ఖర్చు, బెంచ్‌మార్కింగ్, ఫ్లోచార్టు, చేపముల్లు పటం, పరేటో చార్టు, కంట్రోల్ చార్టు, చివరన డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్. ఏది ఎందుకు, ఎవరు చేస్తారు, చేశాక ఏం నిర్ణయిస్తారు అన్నది ఒక్క ముక్క లేదు. కోపం వాడి మీద కాదు. అన్నీ రాస్తేనే ఫైలు కదులుతుందని వాడికి నేర్పిన అలవాటు మీద.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. ముందు కల్లం చూడాలి, తర్వాత నోట్‌బుక్ తెరవాలి, కంప్యూటర్ ఆ తర్వాతే. కాబట్టి ఎర్ర పెన్ను తీసుకుని, వాణ్ణి మళ్లీ పిలిచి కూర్చోబెట్టాను.

నాణ్యతా ప్రణాళికకు దారి వేసిన జోసెఫ్ జురాన్ మొదట అడగమన్నది కొనేవాడి గురించే. ఎవరు కొంటారు, వాళ్లకేం కావాలి? వంటింటికి రంగూ వాసనా కావాలి. మందుల కంపెనీకి కుర్కుమిన్ శాతం కావాలి. నిజామాబాద్ యార్డులో ఖరీదుదారు మాత్రం కొమ్ము విరిచి చూస్తాడు, గట్టిదనం, తేమ, మెరుపు చూస్తాడు. కొమ్ముల కాడికి ఒక ధర, గుండ్రటి గోళాకు ఒక ధర, విరిగిన ముక్కల చూరకు ఒక ధర. ఈ ముగ్గురిలో మన కేంద్రం ఎవరి కోసం పనిచేస్తుందో తేల్చకుండా ఏ పద్ధతి ఎంచుకున్నా దండగే.

అది తేలాక నాణ్యతకయ్యే ఖర్చు లెక్క ఉంచాల్సిందే అన్నాను. టార్పాలిన్లు, సిమెంటు కల్లం అనేవి తప్పు జరగకుండా పెట్టే ఖర్చు. తేమ మీటరు తప్పును పట్టుకునే ఖర్చు. మార్చిలో చెడగొట్టు వాన పడితే తడిసిన సరుకును మళ్లీ ఆరబోసే కూలి, ఇంట్లోనే తిన్న దెబ్బ. యార్డు దాకా మోసుకెళ్లాక కోత పడిన ధర, బయట తిన్న దెబ్బ. ఈ నాలుగూ పక్కపక్కన రాస్తే చాలు, టార్పాలిన్ కొనాలా వద్దా అని ఏ కమిటీలోనూ గంటలు వాదించక్కర్లేదు. పరేటో చార్టు కూడా ఉంచమన్నాను. ధర ఏ కారణాలతో కోత పడిందో ఒక సీజన్ రాసిపెడితే, ఎక్కువ నష్టం ఒకటి రెండు కారణాల దగ్గరే పోగుపడి కనిపిస్తుంది.

మిగతావి కొట్టెయ్యబోయాను. ముందుగా పెన్ను ఆగింది ఆ చివరి పేరు మీదే, ప్రయోగాల రూపకల్పన మీద. పసుపు ఉడకబెట్టడం చేతివాటం పని. అందులో ప్రయోగశాల మాటలెందుకు అనిపించింది.

నా చిన్నప్పుడు ఈ బాయిలర్లు లేవు. చేను గట్టున పొయ్యి తవ్వి, పెద్ద ఇనుప కడాయి ఎక్కించి, తవ్విన పసుపు నింపి, నీళ్లు పోసి, పైన పసుపాకూ గోనెసంచులూ కప్పేవాళ్లు. మా వాడలో ఒక పెద్దాయన ఉండేవాడు. తెల్లారకముందే ఆయన్ను పిలుచుకొచ్చేవాళ్లు. ఆయన గడియారం చూడడు. నురుగు పైకి తేలుతుంది, తెల్లటి ఆవిరి లేస్తుంది, పచ్చివాసన పోయి పసుపు కమ్మని వాసన పట్టుకుంటుంది. అప్పుడు ఒక కొమ్ము తీసి పుల్ల గుచ్చేవాడు. మెత్తగా దిగితే, "దించుండ్రి బిడ్డా" అనేవాడు. తక్కువ ఉడికితే ఎండాక కొమ్ము పెళుసెక్కి విరుగుతుంది, ఎక్కువ ఉడికితే రంగు దెబ్బతింటుంది. ఈ రెంటి మధ్య సన్నటి దారి ఆయన ముక్కుకు తెలుసు. గోళా, కాడి ఒకే కడాయిలో వేస్తే ఒప్పుకునేవాడు కాదు. రెండింటికీ ఉడికే కాలం వేరు.

ఆయన జ్ఞానం మీద నాకున్న గౌరవం ఇవాళ్టికీ తగ్గలేదు. కానీ ఆ కడాయి పోయింది. ఇప్పుడు ఆవిరి డ్రమ్ములు ఊరూరా కిరాయికి తిరుగుతున్నాయి. మూత బిగించిన డ్రమ్ములో నురుగు కనిపించదు. కడాయి ముందు నేర్చిన కొలత డ్రమ్ముకు అతకదు. పైగా ఎంత అనుభవమున్న ముక్కైనా కుర్కుమిన్ శాతం చెప్పలేదు. వేడి ఎక్కువసేపు తగిలితే అది తగ్గుతుంది, కొమ్ము మాత్రం చూడ్డానికి చక్కగానే ఉంటుంది.

అక్కడ నాకు కల్యంపూడి రాధాకృష్ణారావు గుర్తొచ్చారు. లోకమంతా సి.ఆర్. రావు అంటుంది. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తా వెళ్లి మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, ఆ ఏడాది ఆగస్టులోనే 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన 1940లలో కట్టిన ఆర్థోగనల్ అరేలు అనే పట్టికలు ఇవాళ ప్రపంచంలోని ఫ్యాక్టరీలు నాణ్యత ప్రయోగాలకు వాడుకుంటున్నాయి. జపాన్‌కు చెందిన గెనిచి టాగుచి 1950లలో అదే కలకత్తా సంస్థకు వచ్చి వెళ్లాడు. తర్వాత తన నాణ్యతా విధానాన్ని ఇలాంటి పట్టికల మీదే నిలబెట్టాడు.

ఇంకా వెనక్కి వెళ్తే, ప్రయోగాల రూపకల్పన పుట్టిందే పొలంలో. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో రొనాల్డ్ ఫిషర్ ఎరువుల మడుల దగ్గర దాన్ని తయారుచేసి, 1935లో పుస్తకంగా తెచ్చాడు. చేలో పుట్టి, మన తెలుగాయన చేతిలో పదునెక్కి, జపాన్ ఫ్యాక్టరీల్లో పేరు తెచ్చుకున్న పద్ధతి అది. పసుపు రైతుకు పరాయిదని దాన్ని కొట్టేసే హక్కు ఎవరికుంది?

ఆ పేరు కింద గీత గీసి, పిల్లవాడితో కలిసి లెక్క వేశాను. ఉడకబెట్టి ఆరబెట్టడంలో మన చేతిలో ఉన్నవి నాలుగు. తవ్విన ఎన్నో రోజున డ్రమ్ములో వేస్తాం, ఎంతసేపు ఆవిరి పట్టిస్తాం, డ్రమ్ము ఎంత నింపుతాం, కల్లం మీద ఎంత మందంగా ఆరబోస్తాం. ఒక్కోదానికి మూడు స్థాయిలు పెట్టుకుంటే అన్ని కలయికలూ చూడటానికి 81 డ్రమ్ములు కావాలి. తవ్వకాల రద్దీలో ఏ సంఘమూ అంత పని పెట్టుకోలేదు. ఆర్థోగనల్ అరే పట్టిక ప్రకారం వెళ్తే 9 చాలు. ఆ తొమ్మిదింటిలో ప్రతి స్థాయి మూడేసి సార్లు వస్తుంది. ఏ రెండు అంశాలు తీసుకున్నా వాటి ప్రతి జత ఒక్కోసారి కలుస్తుంది. అందుకే ఏ అంశం ఎంత ప్రభావం చూపిందో విడదీసి చెప్పగలం.

జాగ్రత్తలూ ఉన్నాయి. కాడి, గోళా కలపకూడదు, ఒక్క కాడితోనే చెయ్యాలి. ఏ డ్రమ్ము ముందో చీటీలు తీసి నిర్ణయించాలి. తక్కువసేపు ఉడికేవన్నీ ఎండ కాసిన రోజునే పడితే ఎండ గొప్పా, ఆవిరి గొప్పా తేలదు. ఒక అంశం ఇంకోదానితో ముడిపడి మెలికపెట్టే సంగతులు ఇంత చిన్న పట్టికలో బయటపడవు. కాబట్టి బాగా వచ్చిన పద్ధతిని మళ్లీ ఒకసారి చేసి సరిచూసుకోవాలి.

మిగతా పేర్లలో ఫ్లోచార్టు ఒక్క పేజీలో ఉంచాం. కల్లం ఎక్కడ, డ్రమ్ము ఎక్కడ, సంచి ఎక్కడ అన్నది పనివాళ్లకు కనబడాలి కదా. చేపముల్లు పటం తీసేశాం. కారణాలు ఎవరికీ తెలియనప్పుడు పదిమందీ కూర్చుని గీసుకునే పటం అది, ఇక్కడ కారణాలు తెలిసినవే, కొలతలే లేవు. 1924లో వాల్టర్ షూహార్ట్ గీసిన కంట్రోల్ చార్టు గొప్ప పనిముట్టే, కానీ పని ఒక దారిన పడ్డాక తేమ అదుపులో ఉందో లేదో చూడటానికి. దాన్ని రెండో ఏడాదికి వాయిదా వేశాం. బెంచ్‌మార్కింగ్, అంటే ఈరోడ్, సాంగ్లీ పసుపు మార్కెట్లతో పోలిక కూడా మన దగ్గర ఒక సీజన్ కొలతలు చేరాకే.

పద్ధతిని ప్రశ్న ఎంచుకోవాలి. ఖర్చు పెట్టాలా వద్దా అన్నదానికి నాణ్యతా వ్యయం. ముందు దేన్ని సరిదిద్దాలో చెప్పడానికి పరేటో. ఎలా చేస్తే బాగుంటుందో ఎవరికీ తెలియనప్పుడు ప్రయోగం. జవాబు వచ్చాక మన పనిలో ఏదీ మారదంటే ఆ పద్ధతి ఫైలులో ఉండకూడదు.

పసుపు బోర్డు కోసం 2019లో నిజామాబాద్ లోక్‌సభ బరిలో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. 2025 జనవరి 14న బోర్డు మొదలైంది, ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. ఆ బోర్డుకు నాదొక విన్నపం. ముందుకొచ్చిన ప్రతి రైతు సంఘం తొమ్మిది నమూనాలకూ తేమ, రంగు, కుర్కుమిన్ పరీక్షలు ఉచితంగా చేసివ్వండి. ఫలితాలు తెలుగులో యార్డు గోడ మీద అంటించండి. కుర్కుమిన్‌కు ధర కట్టే కొనుగోలుదారును యార్డుకు పిలవండి, లేకపోతే ఈ పరీక్షలు రైతుకు అన్నం పెట్టవు. రైతు సోదరులారా, ఈ సీజన్ తవ్వకాలు మొదలవగానే తొమ్మిది డ్రమ్ములు పక్కన పెట్టండి, పట్టిక గీసిచ్చే పూచీ నాది.