ఆషాఢం, ములగాకు, అసిట్రోమ్

రావులపాలెం అరటి మార్కెట్ ప్రభావమో ఏమో, వాల్వు ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్లు ఇక్కడ ముందుగా అడిగేది ఒకటే: "సిస్టరమ్మా, అరటిపండు తినొచ్చాండీ?" నిక్షేపంగా తినొచ్చు. అందులో విటమిన్ కె ఉండీ లేనట్టే. నాకు భయమల్లా ములగాకుతో.

లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్లు జీవితాంతం అసిట్రోమో వార్ఫరినో వేసుకోవాల్సిందే. లేకపోతే వాల్వు మీదే రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. విటమిన్ కె సాయంతో కాలేయం గడ్డకట్టించే పదార్థాలు తయారుచేస్తుంటే, ఈ మాత్ర అడ్డం పడుతుంది. కూరలో విటమిన్ కె పెరిగితే మాత్ర బలం తగ్గుతుంది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ ఎప్పుడూ 2, 3 మధ్య ఉండే మామ్మగారొకరికి ఉన్నట్టుండి 1.4 వచ్చింది.

"మాత్ర మానేశారా మామ్మగారూ?"

"ఆయ్, ఒక్క పూటా మానలేదమ్మా."

"కూరేం వండుతున్నారు?"

"ఆషాఢం కదమ్మా. ములగాకు పప్పు, లేకపోతే వేపుడు. మా కోడలు రోజూ అదే చేస్తోంది."

డోసు పెంచేముందు ఈ మాట డాక్టరుగారి చెవిన పడాలి. పడకపోతే, శ్రావణంలో ములగాకు తగ్గాక ఆ పెంచిన డోసే రక్తస్రావం తెస్తుంది. ఆకుకూరలు బొత్తిగా మానేయమనేవాళ్లతో నాకు పడదు. వారానికి ఎంత తింటారో ఏడాదంతా అంతే తినమంటాను. డోసు దానికి తగ్గట్టు కుదురుతుంది.

అసలీ మందుల కథ మొదలైందే మేత దగ్గర. 1920ల్లో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ మేత తిన్న పశువులు చిన్న గాయానికే నెత్తురు కారి చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతొకాయన గడ్డకట్టని పశువు రక్తాన్ని పట్టుకొచ్చి జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలలో పెట్టాడు. ఆ వెతుకులాటలోంచే వార్ఫరిన్ వచ్చింది, 1948లో ఎలుకల మందుగా! మనుషులకి 1954లో అనుమతించారు. ఈ సంగతి మామ్మగారికి చెప్పలేదు. చెబితే మాత్ర ముట్టరు.

ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ దారి వేరు. అవి ప్లేట్‌లెట్లని అతుక్కోనివ్వవు. ములగాకుతో పేచీ లేదు, ఐఎన్‌ఆర్‌లో వాటి పని కనిపించదు. స్టెంటు వేయించుకున్నవాళ్లు పన్ను పీకించుకోవాలని ఎవరినీ అడక్కుండా మానేయడమే వాటితో చిక్కు.

రక్తం గడ్డకట్టనివ్వని మరో మందు, ఎనాక్సాపారిన్ సూదిది చేతిపని. బొడ్డుకి రెండంగుళాల ఎడంగా, చర్మం మడతపట్టి, నిలువుగా గుచ్చాలి. నింపి వచ్చే సిరంజిలోని గాలి బుడగని అలాగే ఉంచేయాలి. చివరి చుక్కదాకా మందుని లోపలికి నెట్టేది అదే. కొత్తమ్మాయిలు అలవాటుకొద్దీ బుడగ బయటికి కొట్టేస్తారు, దూదితో రుద్దేస్తారు. పొద్దుటికి పొట్టమీద నేరేడుపండంత మచ్చ.

గెలలు మోసే మనిషికి నడుం పట్టేస్తే ఊళ్లో తేలిగ్గా దొరికేది డైక్లోఫెనాక్ సూది. అసిట్రోమ్ మీద ఉన్నవాడికి అది రెండు విధాల చేటు: గుచ్చినచోట కండలో రక్తం గూడుకడుతుంది, మందేమో కడుపులో పుండు రేపుతుంది. అందుకే విరేచనం నల్లగా, తారులా అవుతోందా అని అడుగుతాను. పక్కన కోడలో అల్లుడో ఉంటే సిగ్గుపడి లేదంటారు. వాళ్లని బయటికి పంపి మళ్లీ అడుగుతాను.