కథల ద్వారా ఆంగ్లాభ్యాసము: ఒక పరిశీలన

భివండిలోని ధామన్కర్ నాకా పరిసరములలో, సాంచెల పనికై తెలంగాణమునుండి వచ్చి స్థిరపడిన కుటుంబముల పిల్లలకు ఇంట తెలుగు, వీధిని హిందీ మరాఠీలు వినవచ్చును. ఆంగ్లము మాత్రము చాలవరకు పుస్తకమునుండియే రావలెను. కాన ఆ పుస్తకమును ఎట్లు చదివింపవలెనన్నది వీరికి చిన్న ప్రశ్న కాదు.

ఢాకాలో బోధించిన మైకేల్ వెస్ట్ 1926లోనే ద్విభాషాభ్యాసముపై గ్రంథము వ్రాసి, విదేశభాషలో తొలుత చదువు శక్తి అలవడవలెననెను. పరిమిత పదములతో వాచకములు కూర్చెను. 1953లో ఆయన వెలువరించిన పట్టికలో సుమారు 2000 పదములున్నవి. పట్టిక మేలైనదే. దానిని వల్లెవేయించుట ఆయన పద్ధతి కాదు.

ఓ. హెన్రీ 1905 నాటి కథ ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై’ని చూడుడు. డెల్లా తన జుట్టు నమ్మి భర్త గడియారమునకు గొలుసు కొనును. జిమ్ ఆ గడియారమునే అమ్మి ఆమె కురులకు దువ్వెనలు తెచ్చును. “డెల్లా ఏమి అమ్మెను?” అను ప్రశ్నకు కథ అర్థము కాని బాలుడును వాక్యము వెదకి ఎత్తివ్రాయగలడు. మార్కులును వచ్చును, ఉపాధ్యాయుడును సంతోషించును! “దువ్వెనలు చూచి ఆమె ఏల ఏడ్చెను?” అని అడిగినచో కథనంతయు గ్రహించినగాని బదులు రాదు. ఆ బదులు మొదట తెలుగున చెప్పించిన దోషమేమి?

పదముల విషయమును అంతే. ‘షటిల్’ అనిన బ్యాట్ల ఆటయేయని ఎరిగిన పిల్లవాడు, సాంచెలో అటునిటు పరుగెత్తు నాడెకును అదే పేరని తెలిసిన దినమున ఆ మాటను మరువడు. పడుగునకు ‘వార్ప్’, పేకకు ‘వెఫ్ట్’ అను మాటలు అతడే అడిగి వ్రాసికొనును.